థెల్మా హాగ్ చెప్పిన బల్లమాట

స్కార్‌బెక్ బాలికల గ్రామర్ స్కూల్లో చదివినవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు. ప్రాణం పోయినా చెప్పుకోరు. అలాగని గొప్పలేమీ లేవనుకునేరు! యార్క్‌షైర్ కొండల నడుమ, ఉన్ని మిల్లుల పొగకి నల్లబడిన ఆ రాతి గోడల్లోంచి డాక్టర్లు వచ్చారు, జడ్జీలు వచ్చారు, దక్షిణ ధ్రువం దాకా పోయి పెంగ్విన్లతో కాపరం చేసొచ్చిన మనిషి కూడా వచ్చింది. ఆ సంగతి వాళ్ళ నోట మాత్రం రాదు. "అబ్బే, ఏదో అలా గడిచిపోయింది" అంటారు. అనేసి, ఎదుటివాళ్ళు ఇంకాస్త అడగరేమా అని ఓరకంట చూస్తూ ఉంటారు.

ఈ చిక్కు విప్పడానికే ఆ బడివాళ్ళు బల్లమాట అనే ఆచారం పెట్టుకున్నారు. అక్కడ ఒక్కో బల్లకి ఇద్దరు. ఇంటిపేర్ల అక్షరాల వరసలో మొదటి రోజున ఎవరి పక్కన కూచోబెడితే చదువు అయ్యేదాకా వాళ్ళ పక్కనే. బడి వదిలిన యాభయ్యో ఏట, జూన్ నెల భోజనాల్లో, ఒక్కొక్కరూ లేచి తన బల్ల జోడీ జీవితంలో ఏమయిందో చెప్పాలి. తన గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. జోడీని అడిగి తెలుసుకోకూడదు. చేతిలో కాగితం ఉండకూడదు. ఏమీ తెలియకపోతే కల్పించడానికి వీల్లేదు, లేచి నిలబడి "నాకు తెలిసింది లేదు" అనేసి కూచోవాలి. అలా ఒక్కసారే జరిగింది, ఈడిత్ లమ్ అనే ఆవిడకి. పాపం, ఆవిడ ఆ తర్వాత చర్చి మార్చుకుంది. మాంసం కొట్టు కూడా మార్చుకుంది.

ఆ ఏడాది వంతు అరవై తొమ్మిదిలో బడి వదిలిన తరగతిది. మోకాళ్ళు మార్పించుకున్నా, మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చేసినా, ఆ బడి లెక్కలో వాళ్ళు 'పాత అమ్మాయిలు'. ఆ పాత అమ్మాయిల్లో ఒకతె ఏవిస్ హోల్రాయిడ్. పద్దెనిమిదో ఏట ఊరు విడిచిపెట్టి ఇంజనీరింగ్ చదివి, హాలండ్ వెళ్ళి, సముద్రం ఊళ్ళ మీద పడకుండా అడ్డుకునే గేట్లు కట్టింది. ఒకటా రెండా, పని మానేసేదాకా అవే కట్టింది. అక్కడి ప్రభుత్వం పతకం కూడా ఇచ్చింది. ఆ పతకాన్ని ఏవిస్ మేజోళ్ళ సొరుగులో పడేసింది. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం ఆ సొరుగు ఎందుకో సగం తెరుచుకుని ఉండేది.

భర్త పోయాక, కిందటి శరదృతువులో, ఆమె స్కార్‌బెక్ తిరిగొచ్చింది. అమ్మానాన్నల అంత్యక్రియలకి రావడం తప్ప ఈ యాభై ఏళ్ళలో ఊరి మొహం చూసింది లేదు. ఊరు ఆ మాట పైకి అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది.

ఏవిస్ బల్ల జోడీ థెల్మా హాగ్. థెల్మా పేరు చెబితే స్కార్‌బెక్‌లో స్టీరింగు పట్టినవాడల్లా నడుం నిటారు చేసి కూచుంటాడు. రిటైరయ్యేదాకా డ్రైవింగ్ పరీక్షలు పెట్టింది ఆవిడే. మేయరుని ఫెయిల్ చేసింది. పాదిరీని ఫెయిల్ చేసింది. బతిమాలితే కరగదు, ఏడిస్తే చేతిరుమాలు ఇస్తుంది, మార్కు మాత్రం ఇవ్వదు. చూడనిది చూశానని ఆ నోటి వెంట రావడం ఎవరూ వినలేదు.

అదే ఏవిస్ భయం. థెల్మాకి తన గురించి ఏం తెలుసు? ఏమీ తెలీదు. తెలియనప్పుడు ఏమంటుంది? ఉన్నదే అంటుంది. నిండు సభలో లేచి "నాకు తెలిసింది లేదు" అని కూచుంటుంది. హాలండ్‌లో ఎంత పేరుంటే ఏం లాభం, పుట్టిన ఊళ్ళో తన పేరు ముందు ఒక్క మాట లేకుండా పోతుంది. తలుచుకుంటేనే ఏవిస్‌కి తల కొట్టేసినట్టుండేది.

ఊరికొచ్చిన కొత్తల్లో ఒకసారి ఇద్దరూ పోస్టాఫీసు ముందు ఎదురుపడ్డారు. యాభై ఏళ్ళ తర్వాత! థెల్మా ఏవిస్‌ని చూసింది, ఆమె వెనకాల నిలిపి ఉన్న కారుని చూసింది.

"నీ బండి చక్రం గీత మీదుంది" అంది. అని స్టాంపులు కొనుక్కోవడానికి లోపలికి పోయింది.

ఏప్రిల్ వచ్చేసరికి ఊళ్ళో ముసలమ్మల హడావిడి మొదలైంది. జోడీని అడగకూడదని నియమం ఉంది గాని, జోడీ చెవిన పడేలా మాట్లాడకూడదని ఎక్కడా లేదు. ఏవిస్ ఇంటికి రెండిళ్ళవతల రోజలిండ్ పికిల్స్ ఉంటుంది. కళ్ళ డాక్టరు. సగం జీవితం ఆఫ్రికాలో ఆపరేషన్లు చేస్తూ గడిపింది. ఆవిడ బల్ల జోడీ మౌరీన్ పాగ్సన్, తండ్రి బేకరీ నడుపుతూనే ఊరి ఇత్తడి బ్యాండుకి నాయకురాలై దేశం మొత్తమ్మీద పోటీల్లో గెలిపించిన మనిషి. రోజలిండ్‌కి చక్కెర జబ్బు. అయినా రోజూ పొద్దున్నే బన్ను కొనడానికి మౌరీన్ కొట్టుకి తయారు.

"ఎండకి కళ్ళు మండిపోతున్నాయే మౌరీన్" అనేది. "మండవూ మరి, ఆ ఎడారుల్లో అన్ని వేలమందికి చూపు తెప్పిస్తూ కూచుంటే!"

"అలాగా తల్లీ" అనేది మౌరీన్. "బన్నులు రెండా, మూడా? ఆగు, బ్యాండువాళ్ళ కప్పు అడ్డంగా ఉంది, పక్కకి జరుపుతా. ఎంత బరువో దిక్కుమాలింది, నాలుగోది కూడాను."

ఇద్దరికీ కావలసింది అందింది. ఏవిస్ మాత్రం ఆ విద్య మర్చిపోయింది. హాలండ్‌లో మనసులో ఉన్నది మొహమ్మీదే చెబుతారు, వింటారు. యాభై ఏళ్ళు అలా బతికిన మనిషికి ఇప్పుడీ డొంకతిరుగుడు చేత కాలేదు. తన సంగతి దేవుడెరుగు, థెల్మా గురించి తను చెప్పాల్సిన మాటైనా తిన్నగా చెబుదామని ఊరిమీద పడి అడగడం మొదలుపెట్టింది.

బేకరీలో నెవిల్ దొరికాడు. చాలా ఏళ్ళు అంబులెన్స్ నడిపి రిటైరయినవాడు.

"థెల్మా హాగా?" అన్నాడు నెవిల్ మాంసం పఫ్ కొరుకుతూ. "నన్ను మూడుసార్లు ఫెయిల్ చేసిందమ్మా ఆ మహాతల్లి. మూడోసారి ఎందుకో తెలుసా? మంచు పడితే ఈ మలుపులో ఏం చేస్తావు అంది. మంచు లేదుగా మేడమ్ అన్నాను. అంతే, దిగమంది."

"మరి మనిషి ఎలాంటిది?"

నెవిల్ కాసేపు ఆలోచించాడు. పఫ్ కూడా పక్కన పెట్టాడు.

"పర్వాలేదు" అన్నాడు.

మౌరీన్‌ని అడిగితే "పర్వాలేదే" అంది. పాదిరీని అడిగితే ఆకాశం కేసి చూసి "పర్వాలేదండీ" అన్నాడు. ఎవర్నడిగినా ఇదే మాట. ఏవిస్‌కి ఒళ్ళు మండింది. ఊరందరికీ బండి పరీక్షలు పెట్టి, ప్రాణాలు కాపాడి, ఒంటరిగా ఇంత కాలం నిలబడ్డ మనిషికి ఈ ఊరు విదిలించిన మాట ఇదా? తనకి ఏమీ దక్కకపోతే పోయె, థెల్మాకి దక్కాల్సింది దక్కి తీరాలి. తను లేచి ఊరిని నిలదీస్తుంది!

భోజనాలు ఇంకో వారం ఉన్నాయనగా రోజలిండ్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"విన్నావటే? థెల్మా ఊళ్ళో లేదు. బండేసుకుని ఎటో పోయిందట. ఎవరికీ చెప్పలేదు."

"ఎప్పుడొస్తుందిట?"

"ఎవరికి తెలుసు! నేనైతే దాన్ని నీతో కలిపి టీకి పిలుద్దామనుకున్నాను. మాటల్లో మాటగా నీ గేట్లూ, నీ పతకమూ దాని చెవిలో వేసేద్దామని. అంతా బూడిదలో పోసినట్టయింది." రోజలిండ్ కుర్చీలో కూలబడింది. "ఏవిస్, నీకో మాట చెప్పనా? ఆ రోజు నీకు జ్వరం రాకూడదూ?"

"రాదు" అంది ఏవిస్.

"అది 'తెలిసింది లేదు' అంటే?"

"అననీ. వింటాను. వినడానికి నేను అక్కడ ఉండాలిగా."

అంది గాని, రోజలిండ్ వెళ్ళాక చాలాసేపు కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయింది. ఇంత వయసొచ్చి, ఒక సహపాఠి నోటి మాట కోసం ఇలా గిలగిల్లాడటం తనకే సిగ్గనిపించింది. సిగ్గేసినంత మాత్రాన కోరిక చావలేదు. ఆ మాట ఆమెకి కావాలి, ఈ ఊరి నించే కావాలి.

భోజనాల రోజున స్కూలు హాలు నిండిపోయింది. గోడల నిండా చెక్క పలకలు, వాటి మీద బంగారు రంగులో పై చదువులకి వెళ్ళినవాళ్ళ పేర్లు. కింద బల్లల వెంట గొర్రె మాంసం, పుదీనా చట్నీ, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. ఇప్పటి పిల్లలు, వాళ్ళతోబాటు నెవిల్ లాంటి ఊరివాళ్ళు కొందరు, గోడ పక్కన బెంచీల మీద వినడానికి కూచున్నారు. ఇలాంటి రోజున ఆ హాల్లో కూచున్న ఎవరికైనా ఛాతీ కాస్త ఉబ్బుతుంది, ఉబ్బలేదని అబద్ధమాడినా సరే.

థెల్మా వచ్చింది. సరిగ్గా ప్రార్థన మొదలయ్యే ముందు వచ్చి, ఏవిస్ పక్కన కుర్చీలో కూచుంది. ముక్కు ఎండకి కమిలి ఉంది.

"బాగున్నావా థెల్మా?" అంది ఏవిస్.

"మోకాలు నొప్పి" అంది థెల్మా. అంతే, గొర్రె మాంసం మీద దృష్టి పెట్టింది.

భోజనాలయ్యాక బల్లమాట మొదలైంది. పాత అమ్మాయిలు ఒక్కొక్కరూ లేస్తున్నారు. ఒకతె లండన్ కోర్టులో జడ్జి అయిన సంగతి, ఇంకొకతె నాటక కంపెనీలకి కిరీటాలు కుట్టిన సంగతి, మరొకతె ఐదుగురు అనాథల్ని పెంచి మనుషుల్ని చేసిన సంగతి చెప్పారు. ప్రతి మాటకీ చివర హాలంతా బల్లలు చరిచింది. ఆ బడిలో చప్పట్లు కొట్టరు, బల్లలే చరుస్తారు. గోడ పక్కన పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"హాగ్, హోల్రాయిడ్" అని పిలిచారు. బల్లకి కుడివైపు కూచున్నది ముందు మాట్లాడాలి. ఏవిస్ లేచింది.

"థెల్మా హాగ్ గురించి నేను ఈ ఊరందర్నీ అడిగాను" అంది. "ఒక్కరంటే ఒక్కరైనా మంచి మాట చెప్పలేదు. పర్వాలేదట! ఎవర్నడిగినా పర్వాలేదట! నేనిది ఒప్పుకోను."

హాలు ఉలిక్కిపడింది. రోజలిండ్ మొహం చేతుల్లో దాచుకుంది. ఏవిస్ ఆగలేదు.

"మూడుసార్లు ఫెయిలయిన నెవిల్ నాలుగోసారి పాసయ్యి, ఆ తర్వాత మంచులో, పొగమంచులో, ఎన్నో శీతాకాలాలు అంబులెన్స్ నడిపాడు. ఒక్క రోగిని కూడా గోతిలో పడెయ్యలేదు. ఎవరి పుణ్యం? మన హెడ్‌మిస్ట్రెస్ మిస్ క్రాబ్‌ట్రీ అంటే మనకి ఎంత హడలో మీకు గుర్తుందిగా? ఆవిడ పరీక్షకొస్తే, తనకి చదువు చెప్పిన మనిషని కూడా చూడకుండా ఫెయిల్ చేసింది థెల్మా. ఎందుకు? అద్దంలో వెనక్కి చూడలేదని. ఆవిడ మళ్ళీ నేర్చుకుని, మళ్ళీ వచ్చి, తొంభయ్యో ఏట దాకా గీత పడకుండా నడిపింది. ఈ ఊళ్ళో పిల్లలు రోడ్డు దాటి బడికి క్షేమంగా వస్తున్నారంటే, ఎవరినీ ఊరికే వదలని ఒక మనిషి ఉండబట్టి. అలాంటి మనిషి పర్వాలేదా? సిగ్గుండక్కర్లా?"

మౌరీన్ పకపకా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా!" అని హాలు ఆ చివర నించి అరిచింది. "పర్వాలేదంటే ఈ ఊళ్ళో ఇంక అంతకు మించిన మాటేముందే? మా నాన్న మా అమ్మని అరవయ్యేళ్ళ కాపరంలో ఒక్కసారే పర్వాలేదన్నాడు, ఆవిడ ఊరంతా చెప్పుకుంది!"

హాలు గొల్లుమంది. ఏవిస్ మొహం ఎర్రబడిపోయింది. నిజమే. తన తండ్రి కూడా అంతేగా! తను పై చదువుకి ఎంపికైన రోజున పేపరు వెనక నించి ఆయన అన్నది కూడా ఆ ఒక్క మాటే. పరాయి దేశంలో పొగడ్తలు వినీ వినీ సొంత ఊరి భాష మర్చిపోయింది. నవ్వుల మధ్య బల్లలు మాత్రం ఊగిపోయేట్టు చరిచారు, థెల్మా కోసం. గోడ పక్కన నెవిల్ అందరికంటే గట్టిగా చరిచాడు. ఏవిస్ కూచుంది. చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి ఒక పక్క, ఇప్పుడు థెల్మా లేస్తుందన్న దడ మరో పక్క.

థెల్మా లేచింది. చేతులు వెనక్కి కట్టుకుంది, పరీక్ష ఫలితం చెప్పేటప్పుడు నిలబడినట్టే.

"ఏవిస్ హోల్రాయిడ్" అంది. "ఈవిడ గురించి నాకు తెలిసింది లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఏవిస్ కళ్ళు మూసుకుంది.

"కనక వెళ్ళి చూసొచ్చాను" అంది థెల్మా.

ఏవిస్ కళ్ళు తెరిచింది.

"విన్నదాన్ని బట్టి నేను ఎవర్నీ పాస్ చెయ్యలేదు. పేపర్లలో వచ్చిందన్నారు, పతకం అన్నారు. పతకాలు నాకు తెలీవు. అందుకని హల్ రేవులో బండితో సహా ఓడెక్కాను. ఆ దేశంలో రోడ్డుకి కుడి పక్కన నడుపుతారు. తప్పు. అయినా నడిపాను."

ఎవరో కిసుక్కుమన్నారు. థెల్మా నవ్వలేదు.

"అక్కడ సముద్రం పైనుంటుంది, ఊళ్ళు కిందుంటాయి. మధ్యలో ఈవిడ పెట్టిన గేట్లు. నేను వెళ్ళిన నాడు గాలివాన. గేట్లు దించారు. నేను కట్ట మీదకెక్కి నిలబడ్డాను. ఒక పక్క నీళ్ళు విరుచుకుపడుతున్నాయి. నాకు భయమేసింది. నాకు భయమెయ్యడం మీలో ఎవరూ చూళ్ళేదు, చూడరు కూడా. రెండో పక్క పచ్చిక. అందులో ఆవులు. మేస్తున్నాయి. అంత హోరులోనూ ఒక్క ఆవు తలెత్తి చూడలేదు."

పిల్లలు మెడలు సాచి వింటున్నారు.

"గేట్ల దగ్గర పనిచేసే అతన్ని అడిగాను, ఇవి ఎప్పుడైనా మొరాయించాయా అని. ఏవిటీ అన్నాడు. మళ్ళీ అడిగాను. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. ఇంగ్లీషు బాగానే వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు. ఇళ్ళు చూపించాడు. గాలివాన రాత్రుల్లో జనం ఏం చేస్తారు అన్నాను. పడుకుంటారు అన్నాడు."

థెల్మా ఊపిరి తీసుకుంది.

"నేను తప్పు వెతికాను. మెట్లెక్కీ దిగీ మోకాలు పోయేదాకా వెతికాను. ఒక చోట రెయిలింగు వదులుగా ఉంది. అది ఈవిడ పెట్టింది కాదు, తర్వాత ఇంకెవరో పెట్టారు. కనుక్కున్నాను. వాళ్ళకి చెప్పి బిగించాకే వచ్చాను." ఆమె పక్కకి తిరిగి, మొదటిసారి ఏవిస్ మొహంలోకి సూటిగా చూసింది. "ఇది మన బల్ల పిల్ల. మన బడిలో లెక్కలు నేర్చుకుంది. అక్కడ వాళ్ళు నిద్రపోతున్నారు. పాస్."

బల్లలు ఒక్కసారిగా మోగాయి. గ్లాసులు ఎగిరిపడ్డాయి, పుదీనా చట్నీ బల్లగుడ్డ మీద ఒలికింది, ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు బెంచీలు చరుస్తున్నారు. జడ్జిగారు చెప్పు తీసి దానితో చరిచింది. ఏవిస్ జీవితంలో ఎన్నో సభలు చూసింది, ఎందరో పెద్దలు ఆమె చేయి పట్టుకుని ఊపారు. అప్పుడెప్పుడూ ఇలా కాలేదు. తన పని మీద తనకున్న గర్వమంతా, ఇన్నాళ్ళూ మేజోళ్ళ కింద కుక్కి పెట్టినదంతా, సొంత ఊరి నడిమధ్యన పైకి లేచి నిలబడింది. ఆమె ఆపుకోలేకపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

థెల్మా కూచుంది. మోకాలు రుద్దుకుంది. చేతిరుమాలు తీసి బల్ల కింద నించి ఏవిస్ చేతిలో పెట్టి, చెవి దగ్గర గొణిగింది.

"ఊరుకోవే. నా పక్కన కూచుని ఎవరైనా ఏడిస్తే ఫెయిల్ చేశాననుకుంటారు ఈ ఊరివాళ్ళు."